యాదమ్మ చెప్పిన భావన

ఒకామె నన్ను ఒక ఉత్తరం రాసిమ్మని అడిగింది. రాసిచ్చాను. అందులో ఒక వాక్యం రాయాల్సి ఉండగా రాయలేదు. మర్చిపోయి కాదు. కలం ఆ వాక్యం దాకా వచ్చి ఆగింది. కాసేపు ఆగి, దాని బదులు వేరే వాక్యం రాసింది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, కొంగున ముడి వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఈ సంగతి కిందటి నెల దాకా నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

నన్ను చదివిన కొద్దిమందికీ నేను 'భావన' అనే ఒక్క వ్యాసంతోనే తెలుసు. ఆ మాట ఎక్కడ పుట్టింది, మనిషి ఒక విషయాన్ని మనసులో రూపు కట్టుకోవడానికి మనవాళ్లు ఆ మాటనే ఎందుకు వాడారు అని అందులో రాశాను. చదివినవాళ్లకు గుర్తుండిపోయిన భాగం "మా బాపు నాతో అన్నాడు" అని మొదలవుతుంది. నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆ మాటలు ఆయన అనలేదు. మా ఇంట్లో మందులు నూరిన యాదమ్మ అన్నది. నేను రాయకుండా వదిలేసిన వాక్యం కూడా ఆమె గురించే.

మా ఇల్లు గౌలీపురలో ఒక సన్నటి గల్లీ చివర ఉండేది. ముందు గదిలో బాపు వైద్యం. మనవాళ్లు "వైద్యులుగారూ" అని వచ్చేవారు, పక్క గల్లీ వాళ్లు "హకీం సాబ్" అని వచ్చేవారు. బాపు రెండింటికీ తల ఎత్తకుండా "ఆఁ, కూర్చో" అనేవాడు. ఆ గదిలో కరక్కాయ, పిప్పళ్లు, పాత చెక్క బీరువా, బాపు పీల్చే పొడుం అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి. మా బట్టలకు కూడా అదే వాసన. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు మొదటి రోజే "నీకు జలుబు చేసిందా భాయ్?" అని అడిగాడు. బాపు నాడి చూసే ముందు చేతులు కడుక్కునేవాడు, చూశాక కూడా కడుక్కునేవాడు. తడిచేతులు పంచెకు తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంటూ, అలా రెండు చేతులు పైకి పట్టుకునే రోగితో మాట్లాడేవాడు. చిన్నప్పుడు ఆయన వాళ్లను దీవిస్తున్నాడనుకునేవాణ్ణి.

వెనుక వరండాలో మందులు నూరే రాతి కల్వం ఉండేది. చిన్న పడవలా పొడుగ్గా, మధ్యలో అరిగి నున్నగా. దాని ముందు యాదమ్మ. పొద్దున్నే పురానాపూల్ నుంచి నడిచి వచ్చేది. ఆమె భర్త అక్కడ తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. వచ్చీరాగానే తమలపాకు, పొగాకు కొంగున ముడి వేసి పక్కన పెట్టేది. పని అయ్యేదాకా నోట్లో ఏమీ వేసుకునేది కాదు. మా అమ్మ చాయ్ ఇచ్చినా "ఇప్పుడొద్దమ్మా, నాలుక మందుకిచ్చిన" అనేది. చాలా మందులు ఆమె రుచి చూసి చెప్తేనే బాపు సీసాల్లోకి ఎత్తేవాడు. ఆ సంగతి నాకు రోజూ కనిపించేది. అయినా యాదమ్మ మా ఇంట్లో ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "పని చేస్తది" అనే చెప్పేవాణ్ణి.

చలికాలం వస్తే ఉసిరికాయలు. బాపు అఫ్జల్‌గంజ్ నుంచి బస్తాలు తెప్పించేవాడు. ఇల్లంతా పులుపు, వగరు. అమ్మ, యాదమ్మ కలిసి పచ్చి కాయలు దంచి గుడ్డలో వేసి రసం పిండేవారు. ఇనుప గిన్నె తాకనిచ్చేవాడు కాదు బాపు, నల్లబడుతుందని. ముందే ఎండబెట్టి ఉంచిన ఉసిరిక పొడిని కల్వంలో వేసి, అది మునిగేదాకా ఈ రసం పోసి, యాదమ్మ నూరేది. ముద్ద అయ్యేదాకా, ఆ ముద్ద రాయిని వదిలేదాకా. తర్వాత నీడలో ఆరబెట్టడం. ఆరాక మళ్లీ రసం, మళ్లీ నూరడం. అలా ఒకసారి తడిపి, నూరి, ఆరబెడితే దాన్ని ఒక భావన అంటారు. మా ఇంట్లో ఉసిరికకు ఏడు భావనలు. లెక్క తప్పకుండా ఒక్కొక్కటి అయినప్పుడల్లా వరండా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. ఆ గీతలు గీసే పని నాది. అంత పొడుగు మనిషికి, డిగ్రీ చదువుతున్నవాడికి, ఇంట్లో ఇచ్చిన బాధ్యత అదొక్కటే.

ఆ ఏడాది మా తెలుగు లెక్చరర్ కాలేజీ పత్రిక కోసం అందరినీ తలా ఒక మాట తీసుకుని వ్యాసం రాయమన్నాడు. నేను గొప్పగా ఉంటుందని 'భావన' తీసుకున్నాను. బాపును అడిగితే చేతులు ఆరబెట్టుకుంటూనే చెప్పాడు. "భూ ధాతువురా. ఉండుడు, అవుడు. దాని నుంచి భావన. అంటే అయ్యేటట్టు చేసుడు. లేనిదాన్ని ఉన్నట్టు చేస్తది మనసు, అది భావన. ఒకదాన్ని ఇంకోటి అయ్యేటట్టు చేస్తది కల్వం, అది గూడ భావననే. రాసుకో." రాసుకున్నాను. అరపేజీ అయింది. నిఘంటువు చూసి ఇంకో అరపేజీ నింపాను. చదువుకుంటే ఎవరో చచ్చిపోయినవాళ్ల గురించి రాసినట్టుంది.

అప్పుడే ఆ తప్పు చేశాను. ఒక మధ్యాహ్నం బాపు రోగిని చూడడానికి ఊరవతలికి వెళ్లాడు. కాలేజీలో క్రికెట్ మ్యాచ్. ఏడో గీత పడి, పొడి డబ్బాకెక్కేదాకా నేను ఇంట్లోనే ఉండాలని బాపు చెప్పి వెళ్లాడు. గోడ మీద ఐదు గీతలున్నాయి. ఆరో భావన అప్పుడే ఆరింది, దానికింకా గీత పడలేదు. యాదమ్మ నీళ్లకు లేచినప్పుడు నేను బొగ్గు తీసుకుని ఒకటి కాదు, రెండు గీశాను. ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. నేను గోడ వైపు చూపిస్తూ "ఏడు అయినయి యాదమ్మా, ఎత్తు ఇగ" అన్నాను. ఆమె గోడ వైపు చూడనే లేదు. పొడిని రెండు వేళ్ల మధ్య నలిపింది. కొంచెం నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది.

"ఆరే ఇవి" అంది.

"గీతలు చూడు. ఏడున్నయి."

"గోడకెట్ల తెలుస్తది చిన్నయ్యా? నూరింది గోడనా, నేనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమే నవ్వింది. "ఏంది, ఆటకు పోవాల్నా?" అని ఒక గీతను చీర చెంగుతో తుడిచేసింది. నన్ను పక్కన కూర్చోమంది. కల్వంలో రసం పోస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే ఆ సాయంత్రమే కాగితం మీద పెట్టాను.

"ఇగో, ఇది ఉసిరిక పొడి. దీన్ల పోసేది ఏంది? ఉసిరిక రసమే. వేరేది కాదు. కొత్తల నేను గూడ నవ్విన, ఉసిరికకు ఉసిరికనే ఎందుకు తాపుడు అని. ఒక్కపాలి తాపితే తడుస్తది, అంతే. ఆరినంక మల్ల పొడే. కానీ ముందటి పొడి కాదు. రెండోపాలికి గా రసం ఏందో దానికి ఎరుకైతది. ఐదోపాలికి నూరే చప్పుడే మారుతది, విను. ఏడోపాలికి దాని బలమేందో దానికే తెలుస్తది. బయట నుంచి ఏం తేలే చూడు. దాన్నే దానికి తాపినం. నువ్వు ఆరు నూరి ఏడు అంటే పేరు ఉంటది, బలం ఉండదు." కాసేపు నూరి మళ్లీ అంది. "నువ్వు రాస్తున్నవంట గద ఏదో. గది గూడ గంతే. ఒక్కపాలి అనుకుని రాస్తే తడి. ఆరనియ్యి. మల్ల అదే అనుకో. ఎన్నిమార్లు అనుకుంటే నీదైతదో గన్నిమార్లు."

మ్యాచ్‌కు పోలేదు. వ్యాసం రాశాను. బాపు వచ్చాక నేను గీసిన దొంగ గీత గురించి యాదమ్మ ఒక్క మాట చెప్పలేదు. "చిన్నయ్య పక్కనే కూసున్నడు పొద్దంత" అని మాత్రం అంది. అది అబద్ధం కూడా కాదు.

వ్యాసంలో ఆమె మాటలన్నీ బాపు నోట్లో పెట్టాను. ఎందుకని ఇప్పుడు అడిగితే నిజం చెప్పాలి. పండితుడైన తండ్రి కొడుక్కి చెప్పిన మాటలంటే బరువుంటుంది. మందు నూరే ఆమె చెప్పిందంటే కాలేజీలో నవ్వుతారు. అంతకన్నా లోతైన కారణం ఏమీ లేదు. పత్రిక అచ్చయి వచ్చింది. బాపు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఈ మాటలు నేనెప్పుడన్నరా?"

"నువ్వు చెప్పిందే కదా బాపు, కొంచెం పెంచి రాసిన."

"నేను ధాతువు చెప్పిన. చప్పుడు మారుతదని నాకే తెల్వదు. ఎవరు చెప్పిన్రు?"

"యాదమ్మ."

"మరి ఆమె పేరు రాయనీకి సిరా అయిపోయిందా?"

ఈసారి అచ్చయినప్పుడు మారుస్తానన్నాను. బాపు పత్రిక మడిచి నా చేతికిచ్చాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. కానీ వరండాలోకి వెళ్లి ఆమెతో చెప్పడం విన్నాను. "నీ మాట అచ్చుల పడ్డది యాదమ్మా." ఆమె "అట్లనా అయ్యగారూ" అని, నూరడం ఆపకుండానే నవ్వింది.

కొన్నేళ్లకు బాపు పోయాడు. రోగులు కొన్నాళ్లు తలుపు దాకా వచ్చి, నన్ను చూసి తిరిగి వెళ్లిపోయారు. ఈలోగా ఆ వ్యాసం ఒక పెద్ద మాసపత్రికలో మళ్లీ పడింది, ఆ మాటలు ఇంకా బాపు పేరుతోనే. లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే బోర్డులో ఆ వ్యాసం చదివిన ఒక పెద్దాయన "తండ్రి దగ్గర నేర్చుకున్న కుర్రాడు" అని పక్కాయనతో అన్నాడు. ఉద్యోగం వచ్చింది. ఇంకా చేరలేదు. సరిగ్గా ఆ రోజుల్లో యాదమ్మ వచ్చింది.

ఊరి చివర ఒక మందుల కార్ఖానాలో మనుషులను తీసుకుంటున్నారట. నూరే పని తనకు వచ్చని చెప్తే ఎక్కడ నేర్చినవు, ఏమన్నా రాతకోత ఉందా అని అడిగారట. "అయ్యగారు ఉంటే ఆయన రాసిచ్చెటోడు. నువ్వు రాసియ్యి చిన్నయ్యా. నేను మందు నూరిన అని, భావనలు పట్టిన అని. గా పుస్తకంల పడ్డది నా మాటనే అని గూడ రాయి. చదువుకున్నోళ్లు గద, పుస్తకంల ఉందంటే నమ్ముతరు."

నేను బల్ల దగ్గర కూర్చున్నాను. యాదమ్మ అనే ఆమె మా తండ్రిగారి దగ్గర, అని రాసి ఆగాను. మందులు తయారు చేసింది, భావన గురించి అచ్చయిన మాటలు ఆమెవి అని నా సంతకంతో కాగితం బయటికి వెళ్తే, ఆ కాగితం ఎవరి చేతుల్లో పడుతుందో, ఏ బోర్డు పెద్దాయన చెవిన పడుతుందో. అంత దూరం ఎవరూ వెళ్లరని తెలుసు. అయినా భయపడ్డాను. "మా ఇంట్లో పదిహేనేళ్లు నమ్మకంగా ఇంటి పని చేసింది" అని రాశాను. సంతకం పెట్టాను. పుస్తకం మాటే కాదు, మందు అనే మాట కూడా రాయలేదు. మందు గురించి రాస్తే ఆ రెండోది కూడా అడుగుతారేమో అనిపించింది.

కొన్ని నెలలకు అఫ్జల్‌గంజ్ బస్టాండులో ఎదురుపడింది. "ఊడ్చుడు ఇచ్చిన్రు చిన్నయ్యా. ఉత్తరంల ఇంటి పని అని ఉందంట. నువ్వు మర్చిపోయినట్టున్నవ్."

"అయ్యో, మర్చిపోయిన. మల్ల రాసిస్త" అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కాను.

తర్వాత నా జీవితం సాఫీగా నడిచింది. ఆ వ్యాసం సంకలనాల్లోకి వెళ్లింది, పాఠమైంది. కిందటి నెల ఒక కాలేజీవాళ్లు ఆ పాఠం చెప్పే రోజున నన్ను పిలిచారు. పిల్లలు చురుకైనవాళ్లు. భావన అనగానే ఫోనులో చూసి ధాతువు, నాలుగు అర్థాలు టకటకా చెప్పారు. మా కాలంలో ఆ నాలుగు అర్థాల కోసం లైబ్రరీలో సగం రోజు పట్టేది. అప్పుడు అన్నీ నిదానంగా జరిగేవి కాబట్టి మేం బాగా ఆలోచించేవాళ్లం అని ఉపన్యాసాల్లో చెప్పడం నాకు అలవాటు. ఆ రోజూ చెప్పాను. ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఐదోసారికి నూరే చప్పుడు మారుతదని ఉంది గద. మా నానమ్మ పసుపు కొమ్ములు దంచేది. గా చప్పుడు తేడా దంచేటోళ్లకే తెలుస్తది సార్, పక్కన కూసున్నోళ్లకు తెల్వదు. మీ నాన్నగారే నూరేటోరా?"

"అవునమ్మా, ఆయనే" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కూర్చుని, పుస్తకంలో ఆ వాక్యం వైపే చూస్తూ ఉంది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని అనుకున్నాను. అప్పుడు నిదానంగా ఉండింది కాలమే, నేను కాదు. ఒక్క తడుపుకే అచ్చుకిచ్చినవాణ్ణి నేను. ఈ పిల్ల ఒక్క వాక్యం దగ్గర ఆగి దాన్నే మళ్లీ అనుకుంటోంది. యాదమ్మ చెప్పింది ఆమె చేస్తోంది.

మర్నాడు పురానాపూల్ వెళ్లాను. పాత ఇంటి వరుస లేదు కానీ మూల మీద కిరాణా కొట్టు ఉంది. యాదమ్మ పేరు చెప్తే కొట్టు భాయ్ కాసేపు ఆలోచించి "కౌన్, వో ఝాడూవాలీ యాదమ్మ?" అన్నాడు. చీపురు యాదమ్మ. అవునని తల ఊపాల్సి వచ్చింది. చాంద్రాయణగుట్టలో, ఫ్లైఓవర్ పక్క సందులో, కూతురు సుజాత దగ్గర ఉంటోందని చెప్పాడు. కూతురిది కుట్టు మిషన్ షాపు.

షాపు గుమ్మంలో నిలబడ్డాను. సుజాతకు నలభై దాటి ఉంటాయి. మిషన్ ఆపకుండానే "ఇక్కడ ఆడోళ్ల బ్లౌజులే కుడతం సార్" అంది.

"యాదమ్మ కోసం వచ్చిన."

వెనక ప్లాస్టిక్ కుర్చీలో బ్లౌజుకు హుక్కులు కుడుతున్న ముసలామె తల ఎత్తింది. అద్దాల మీదుగా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చిన్నయ్య గద. జుట్టు పోయి పొట్ట వచ్చింది. రా, కూసో. మందుకు వచ్చినవా? గిప్పుడు మొలవది అది." సుజాత స్టూలు జరిపింది. చాయ్ తెప్పించారు. యాదమ్మ తాగింది. మా అమ్మ ఎప్పుడు పోయిందో అడిగింది, కల్వం ఏం చేసినవని అడిగింది. అమ్మేశామని చెప్పలేక చెప్పాను. "మంచి రాయి అది" అని ఇంకో హుక్కు అందుకుంది.

"ఆ ఉత్తరం..." అన్నాను.

"నాకెరుక. గా దినమే క్లర్కు చదివి చెప్పిండు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడగక? బస్టాండుల మర్చిపోయినట్టున్నవ్ అన్న. నీకు తొవ్వ ఇడిసిన చిన్నయ్యా. మర్చిపోలే, తప్పైంది అంటవనుకున్న. నువ్వు గా తొవ్వల పోయి బస్సెక్కినవ్."

"కోపం రాలేదా?"

"రాకుంటదా? ఊడ్చుకుంట ఊడ్చుకుంట కిటికీల నుంచి చూసేది. ఏడని పేరు పెట్టి మూడు తడుపులకే ఎత్తెటోళ్లు. ఒక్కపాలి ఉండలేక లోపలికి పోయి చెప్పిన, గిట్ల గాదు సార్ అని. నీ చీపురు చూసుకో అన్నరు. నిజమే గద, నా చేతిల చీపురే ఉండె." హుక్కు దారం పళ్లతో తెంపింది. "గది పోయింది పో. రిటైరైన. కానీ ఇగో, దీని సంగతి చూడు." కూతురి వైపు గడ్డం ఎత్తింది. "నేను మందులు చేసిన, నా మాట పుస్తకంల ఉంది అంటే నవ్వుతది."

సుజాత కొంచెం సిగ్గుపడింది. "అట్ల కాదు సార్. చిన్నప్పటి నుంచి చెప్తనే ఉంటది. ఊడ్చినవంటే ఏమైతదే అమ్మా, దొంగతనం చేసినవా, కథలు ఎందుకు అల్లుతవు అంట నేను."

"చూసినవా?" అంది యాదమ్మ. "నాకు చెప్పకు చిన్నయ్యా. నాకు తెల్వనిదా? దానికి చెప్పు."

సుజాత మిషన్ మీద నుంచి చేతులు తీసింది. బ్లౌజు కొలతలిచ్చి వెళ్దామని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను స్టూలు మీద నుంచి లేచాను. ఇలా చెప్పాను.

"మీ అమ్మ చెప్పింది ప్రతి మాటా నిజం సుజాతా. మా ఇంట్ల మందులు చేసింది ఆమె. పుస్తకంల ఉన్నది ఆమె మాట. దాన్ని మా బాపు మాటని రాసింది నేను, గా మాట మీదనే నౌకరి తెచ్చుకున్నది నేను. ఆమె ఉత్తరం అడిగితే, అన్ని తెలిసి, ఇంటి పని అని రాసిన. నేను మర్చిపోలేదు. బస్టాండుల చెప్పింది గూడ అబద్ధమే. ఇంకోపాలి అచ్చైనప్పుడు ఆమె పేరుతోనే అయితది, కానీ దానితోని గా యేండ్లు తిరిగి రావు. యాదమ్మక్కా, నీ చేతిల చీపురు పెట్టింది కార్ఖానావాళ్లు కాదు, నేను. తప్పు నాది. మాఫ్ చెయ్యి."